పిన్ కాంటాక్ట్ ఉన్న మోడల్ మొదటి సబ్‌స్టెప్‌లోనే ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: ఇది ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (వస్తువును చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కించేది). సబ్‌స్టెప్ అంటే లోడ్‌ను కొంచెం కొంచెంగా పెంచే ఒక్కో అంచె. బ్రాకెట్ రంధ్రం 20.05 మి.మీ., అందులో 20 మి.మీ. పిన్. మధ్యలో ఫ్రిక్షన్‌లెస్ కాంటాక్ట్. బ్రాకెట్ అడుగు ఫిక్స్ చేసి, పిన్ మీద 5 కిలోన్యూటన్ల ఫోర్స్ కిందికి ఇచ్చాను. స్టాటిక్ ఎనాలిసిస్. పిన్ ఎక్కడికో ఎగిరిపోయినట్టు డిస్‌ప్లేస్‌మెంట్ లక్షల మి.మీ. చూపించి సాల్వర్ చేతులెత్తేస్తోంది. బాండెడ్‌గా (రెండూ అతికిపోయినట్టు) మారిస్తే మాత్రం హాయిగా సాల్వ్ అవుతోంది. కాంటాక్ట్ స్టిఫ్‌నెస్ (తాకిన చోట ఒకదాన్నొకటి వెనక్కి నెట్టే గట్టిదనం) పెంచాను, తగ్గించాను, మార్పు లేదు.

మొదటి జవాబు: వీక్ స్ప్రింగ్స్ (వదులు పార్టును పట్టి ఉంచడానికి సాల్వర్ కలిపే బలహీనమైన స్ప్రింగులు) ఆన్ చేయండి, పోతుంది.

రెండో జవాబు: పోతుంది సరే, ఎందుకు పోయిందో తెలియకుండా పోతుంది. స్ప్రింగులు పెట్టినా వాటి రియాక్షన్ ఎంతో చూడకుండా ఫలితాన్ని నమ్మకండి.

బాండెడ్‌తో సాల్వ్ అయిందంటే అనుమానం నేరుగా కాంటాక్ట్ మీదే. మీ పిన్ రంధ్రం మధ్యలో ఉంది కాబట్టి చుట్టూ 0.025 మి.మీ. ఖాళీ. అంటే ఫోర్స్ పడే సమయానికి దాన్ని ఆపేది ఏదీ లేదు. స్టాటిక్‌లో ఇనర్షియా కూడా ఉండదు, చిన్న ఫోర్స్ చాలు, అంతు లేకుండా పోతుంది. స్టిఫ్‌నెస్ మారిస్తే ఫలితం లేకపోవడానికీ కారణం ఇదే: తాకితేనే కదా అది పనిచేసేది! పిన్‌ను జామెట్రీలోనే 0.025 కిందికి జరపండి. లేదా మొదటి స్టెప్‌లో ఫోర్స్ బదులు 0.03 మి.మీ. డిస్‌ప్లేస్‌మెంట్ ఇచ్చి తాకించి, రెండో స్టెప్‌లో దాన్ని తీసేసి ఫోర్స్ పెట్టండి.

మెష్ (ఎలిమెంట్ల వల) సంగతి ఎవరూ అడగలేదు గానీ, చుట్టూ ఎన్ని ఎలిమెంట్లు ఉన్నాయి? లీనియర్ ఎలిమెంట్లు 12 పెడితే వాటి తిన్నటి అంచు అసలు వంపు కంటే 0.34 మి.మీ. లోపలికి పోతుంది. మీ ఖాళీ 0.025 మాత్రమే. అప్పుడు సాల్వర్ చూసేది మీరు గీసిన ఖాళీని కాదు. 72 పెడితే ఆ తేడా 0.01 లోపుకి వస్తుంది. మిడ్‌సైడ్ నోడ్లున్న (అంచు మధ్యలో కూడా బిందువు ఉండి, వంపును పట్టగల) ఎలిమెంట్లయితే ఇంకా మేలు.

ప్రశ్న అడిగినవారు: నిజమేనండి, 16 మాత్రమే ఉన్నాయి. 72 చేసి, పిన్ కిందికి జరిపాను. కాంటాక్ట్ స్టేటస్ ఇప్పుడు క్లోజ్డ్ అంటోంది. అయినా పివట్ వార్నింగ్ (ఏదో పార్ట్ ఆధారం లేకుండా ఉండొచ్చని సాల్వర్ ఇచ్చే హెచ్చరిక) పోలేదు.

రెండో జవాబు: ఫ్రిక్షన్ లేదు కదా, పిన్ తన అక్షం చుట్టూ తిరగొచ్చు, అక్షం వెంట జారొచ్చు. జారడాన్ని సిమెట్రీతో ఆపండి. తిరగకుండా అక్షానికి దూరంగా ఉన్న ఒక్క నోడ్‌ను చుట్టు దిశలో పట్టుకోండి. అక్కడ రియాక్షన్ దాదాపు సున్నా రావాలి, రాకపోతే లోడ్ అటుగా పారుతున్నట్టే. ఇంకా అనుమానముంటే ఇదే నమూనాకి మోడల్ (modal, సహజ కంపనాల) ఎనాలిసిస్ వేసి, 0 హెర్ట్జ్ దగ్గరి మోడ్‌లను యానిమేట్ చేయండి. ఏ పార్ట్ వదులుగా ఉందో కళ్లకు కడుతుంది.

ప్రశ్న అడిగినవారు: సాల్వ్ అయింది! అడుగున రియాక్షన్ 5 కిలోన్యూటన్లు, ఆ నోడ్ దగ్గర దాదాపు ఏమీ లేదు.

రెండో జవాబు: పెనిట్రేషన్ (లెక్కలో ఒక ఉపరితలం ఇంకోదానిలోకి చొచ్చుకుపోయిన లోతు) కూడా చూడండి. తర్వాత స్టిఫ్‌నెస్ పది రెట్లు పెంచి మళ్లీ నడపండి. కాంటాక్ట్ ప్రెషర్ చెప్పుకోదగ్గంత మారితే మొదటి విలువ సరిపోలేదన్నమాట.