కొత్తగా తెచ్చిన బాల్ పైథాన్ తినడం లేదు, బయటికి రావడం లేదు

గోదారిపిల్ల (ప్లేనో, టెక్సస్):
మా వాడు తొమ్మిదో గ్రేడు. చాన్నాళ్లుగా నా ప్రాణం తోడేసి, పోయిన శనివారం పాముల్ని పెంచి అమ్మే ఒక బ్రీడర్ దగ్గర బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ) పిల్లను కొనిపించాడు. గాజు ట్యాంకు హాల్లో టీవీ పక్కన పెట్టాం. పైన జాలీ మూత, ఎర్ర బల్బు, లోపల ఒక చెక్క గుహ, నీళ్ల గిన్నె. వచ్చిన దగ్గర్నుంచి గుహలోంచి తల బయట పెట్టడం లేదు. నిన్న ఎలుకను పెడితే మొహం తిప్పేసుకుంది. మావాడేమో స్కూలు నుంచి రాగానే "అలవాటవ్వాలి కదమ్మా" అంటూ దాన్ని తీసి చేతికి చుట్టుకుంటాడు, అదేమో ఉండలా ముడుచుకుపోతుంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు మొదట ఆ ఛాయలకే రాలేదు. ఇప్పుడు "నోరులేని జీవి, కాసిని పాలు పోయవే" అంటున్నారు. జబ్బు చేసిందంటారా? నాకు టెన్షన్‌గా ఉంది.

పాతకాపు (హ్యూస్టన్):
జబ్బు కాదండీ, భయం. తల మధ్యలో దాచుకుని చుట్టుకుందంటే హడలిపోయిందని అర్థం. పశ్చిమ ఆఫ్రికాలో పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో నక్కి, చీకటి పడ్డాక తిరిగే జాతి ఇది. గుహలోంచి రాకపోవడం గురించి దిగులు పడకండి, అక్కడే దానికి హాయి.

ముందు మీ అబ్బాయిని ఆపండి. వారం పది రోజులు ఎవరూ ముట్టుకోవద్దు. నీళ్లు మార్చడం, పెంట తీయడం, అంతవరకే. వరసగా రెండు మూడు సార్లు తిన్నాకే చేతిలోకి తీసుకోవాలి. తిన్నాక రెండు రోజులు మళ్లీ ముట్టుకోకూడదు, కక్కేస్తుంది.

టీవీ పక్కనుంచి ట్యాంకు తీసేయండి. స్పీకర్ల అదురు దానికి ఒంటికి తెలుస్తుంది. ఎవరూ అంతగా తిరగని గదిలో పెట్టి, మూడు వైపులా గాజుకు నల్ల కాగితం అంటించండి. గుహ ఒకటి చాలదు. వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి ఉండాలి. లేకపోతే వెచ్చదనం కోసం దాపు వదులుకోవాలా, దాపు కోసం వెచ్చదనం వదులుకోవాలా అని నలిగిపోతుంది. ఆ గుహ కూడా ఒంటికి ఆనేంత ఇరుగ్గా ఉండాలి. మనకు విశాలంగా ఉంటే బాగుంటుంది, దానికి ఇరుకే ధైర్యం. మిగతా ఖాళీలో ప్లాస్టిక్ ఆకులు పెట్టండి.

ఎర్ర బల్బు తీసేసి, వెలుతురివ్వని సెరామిక్ హీటరు పెట్టుకోండి. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా మాత్రం ఏ హీటరూ వద్దు, ఒళ్లు కాలుతున్నా కదలకుండా పడుకున్న పాముల్ని చూశాను. వెచ్చటి చోట 90 ఫారెన్‌హీట్ దరిదాపు, చల్లటి వైపు 76 నుంచి 80. వేడి చూడ్డానికి గాజుకు అంటించే గుండ్రటి మీటర్లను నమ్మొద్దు, ప్రోబ్ (తీగ చివర సెన్సరు) ఉన్న డిజిటల్‌ది కొనండి. జాలీ మూత వల్ల తేమంతా పోతుంది. హీటరు ఉన్న చోటు వదిలి, మిగతా జాలీ మీద ఫాయిల్ కప్పండి. అడుగున కొబ్బరి పొట్టు వేసి, మూలల్లో కాసిని నీళ్లు పోస్తే తేమ 60 శాతం దగ్గర నిలుస్తుంది. పైన్, సీడర్ చెక్కపొట్టు వేయకండి, ఆ ఘాటు దానికి పడదు.

ఇక తిండి. అక్కడ ఏం తినేదో బ్రీడర్‌ని అడగండి: చుంచెలుకా, ర్యాటా (పెద్ద జాతి ఎలుక), బతికున్నదా, ఫ్రీజర్‌దా? చాలాసార్లు చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. పాము ఒంటి లావుకు మించని ఎలుక చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, జిప్ కవర్లో పెట్టి వేడినీళ్లలో ముంచి, వెచ్చగా ఉండగానే దీపాలార్పి పటకారుతో అందించండి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. తినకపోతే పారేసి మళ్లీ వారానికి చూడండి. రోజూ మూతి దగ్గర ఆడిస్తే ఇంకా మొండికేస్తుంది.

అది స్థిమితపడ్డాక వారం వారం గ్రాముల్లో తూచి రాసుకోండి. తూకం నిలకడగా ఉంటే కంగారు అక్కర్లేదు. పెద్ద బాల్ పైథాన్లయితే చలికాలంలో నెలల తరబడి కూడా మానేస్తాయి. పిల్ల కాబట్టి, తగ్గుతూ పోతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలొస్తున్నా సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి వెంటనే వెళ్లండి.

అత్తగారికి నా మాటగా చెప్పండి, పాలు దానికి అరగవు. నాగుల చవితికి పుట్ట దగ్గర పోసినా అంతే. మంచినీళ్లు చాలు.

లెస్టర్_రవి:
మూతకు క్లిప్పులున్నాయా? పామును తక్కువ అంచనా వేయొద్దు, తల దూరిన సందులోంచి ఒళ్లంతా జారిపోతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోమనండి, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే క్రిమి ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలుంటే దగ్గరికి రానివ్వొద్దు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
అన్నా, నేనూ ఒకటి తెచ్చుకుందామనుకుంటున్నా. మా కాలనీలో చిన్న జెర్రిపోతు దొరికింది, పెంచుకోవచ్చా?

పాతకాపు (హ్యూస్టన్):
వద్దు తమ్ముడూ. మన దేశపు పామును ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు ఫోన్ చేయి, పట్టుకెళ్లి వదిలేస్తారు. బాల్ పైథాన్ కావాలంటే సరైన కాగితాలతో కొని, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

గోదారిపిల్ల:
చాలా థాంక్సండీ. ట్యాంకు పై గదికి మార్చాం, రెండో గుహ, థర్మోస్టాట్ ఆర్డర్ పెట్టాం. అక్కడ ఫ్రీజర్ ఎలుకలే తినేదట, కాకపోతే చుంచెలుకలు కాదు, ర్యాట్ పిల్లలట. మావాడు అలిగాడు గానీ ముట్టుకోవడం మానేశాడు. ఇప్పుడు మా అత్తగారి ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఆ ఎలుకల్ని ఫ్రీజర్లో ఎక్కడ పెడతారని?

పాతకాపు (హ్యూస్టన్):
ఆవిడ అడిగింది న్యాయం. గరాజ్‌లోకి విడిగా చిన్న ఫ్రీజర్ కొనండి. మా ఇంట్లో కరివేపాకు పక్కన పెట్టబోతే మా ఆవిడ నన్నే బయట పెడతానంది.