"దృష్టి లేని గ్రహం" అంటే ఎవరి చూపు లేనట్టు?

అందరికీ నమస్కారం. పాశ్చాత్య జ్యోతిషం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. జాతకచక్రంలో మిగతా ఏ గ్రహంతోనూ కోణం కుదరక విడిగా ఉండిపోయిన గ్రహం గురించి అందులో ఒక భాగం ఉంది. "దృష్టి లేని గ్రహం" అని రాసి మా మామయ్యకు చూపించాను. ఆయన 40 ఏళ్లుగా జాతకాలు చూస్తున్నారు. చదివి, "గ్రహానికి కళ్లు కనపడవా అమ్మా?" అని అడిగారు. "దృష్టిరహిత" అన్నా అదే ఇబ్బంది. ఏం రాయమంటారు?

వ్యాఖ్య:
మీ మామయ్యగారు సరిగ్గా పట్టుకున్నారండీ. "చూపు లేని మనిషి" అంటే ఎవరూ చూడని మనిషి అని మనమెవరం అనుకోం కదా, లోటు చూసేవాడిదే. పైగా మన జ్యోతిషంలో చూడని గ్రహమంటూ ఉండదు. తానున్న రాశిని 1గా లెక్కపెడితే ప్రతి గ్రహమూ 7వ రాశిని చూస్తుంది, ఆపైన కుజుడు 4, 8, గురువు 5, 9, శని 3, 10 కూడా చూస్తారు. కాబట్టి లేకుండా పోయేది తన మీద పడే చూపే.

వృషభంలో శుక్రుడు ఒక్కడే ఉన్నాడనుకోండి. శుక్రుడు సూర్యుడికి 48 డిగ్రీలు దాటి ఎప్పుడూ పోడు, బుధుడూ సూర్యుడి దగ్గరే తిరుగుతాడు, అందుకని వాళ్లిద్దరూ ఎదురుగా వృశ్చికంలో ఉండి అతన్ని చూడటం జరగదు. రాహుకేతువుల్ని పక్కన పెడితే, ఇక చూడగలిగింది నలుగురే. చంద్రుడైతే వృశ్చికం నుంచే చూడాలి. మిగతా ముగ్గురికీ వృశ్చికం కాక ఇంకో రెండేసి చోట్లున్నాయి: కుజుడికి కుంభం, తుల, గురువుకు మకరం, కన్య, శనికి మీనం, సింహం. ఈ చోట్లలో వాళ్లెవరూ లేకపోతే ఆ శుక్రుణ్ణి ఎవరూ చూడటం లేదన్నమాట. అతను మాత్రం వృశ్చికాన్ని చూస్తూనే ఉంటాడు! అలాంటివాణ్ణి దృష్టి లేనివాడని ఎలా అంటాం?

వ్యాఖ్య:
ఇంట్లో మాటే తీసుకోండి. "పిల్లాడికి దిష్టి తగిలింది" అంటే చూపు ఎవరిదో చెప్పకపోయినా, పిల్లాడిది కాదని అందరికీ తెలుసు. "పిల్లాడికి దృష్టిలోపం" అంటే కళ్లజోడు కావాలని. దిష్టి అన్నది దృష్టికి వికృతే, అయినా చూపు ఒకచోట పిల్లాడి మీదికి వచ్చింది, ఇంకోచోట పిల్లాడిదే అయింది. తేడా తెస్తున్నది "తగిలింది" అన్న క్రియ. జాతకం చెప్పేవాళ్లు కూడా "శని చూపు పడింది", "గురువు చూస్తున్నాడులే, టెన్షన్ వద్దు" అంటారు. అందుకే "ఎవరి దృష్టీ పడని గ్రహం" అనండి, చాలు.

వ్యాఖ్య:
"పడని" బాగుంది, మన పద్ధతికి. పాశ్చాత్యుల దానికి అదీ సరిపోదని నా అభిప్రాయం. వాళ్లు వాడే "ఆస్పెక్ట్" అన్న పదానికి లాటిన్‌లో మూలార్థం చూడటమే, కానీ వాళ్లు లెక్కపెట్టేది రెండు గ్రహాల మధ్య కోణం: 0, 60, 90, 120, 180 డిగ్రీలు, కొంచెం అటూ ఇటూ వదిలి. కోణం ఇద్దరికీ ఒకటే. మన దగ్గర శని మీనం నుంచి వృషభంలో శుక్రుణ్ణి చూసినా, శుక్రుడు తిరిగి శనిని చూడడు. ఇంకోటి, ఒకే చోట కలిసి ఉండటం వాళ్లకు ఆ కోణాల్లో ఒకటి, మనకు అది యుతి, దృష్టి కాదు. అందుకే వ్యాసంలో "కోణ సంబంధం లేని గ్రహం" అని రాయడమే న్యాయం.

ఫలితం రాసేటప్పుడు దయచేసి "అనాథ గ్రహం" లాంటి మాటలు వద్దు, చదివి నిజంగా భయపడేవాళ్లుంటారు. అలాంటి గ్రహం మిగతావాటితో కలవక ఒక్కోసారి అణిగి ఉంటుందని, ఒక్కోసారి అదుపు లేకుండా బయటపడుతుందని పాశ్చాత్యులు చెప్తారు. మన లెక్కలో ఎవరూ చూడకపోవడమే దోషం కాదు, శుభదృష్టి అండ ఉండదు, పాపదృష్టి పీడా ఉండదు. వృషభంలో శుక్రుడికి సొంత ఇల్లు, తన బలంతో తను నిలబడతాడు. కన్యలో నీచపడి ఉంటే మాత్రం గురువు చూపు లేని లోటు తెలుస్తుంది.

ప్రశ్న పెట్టినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. శీర్షికలో "కోణ సంబంధం లేని గ్రహం" అని మార్చాను, మన పద్ధతితో పోల్చిన పేరాలో "ఎవరి దృష్టీ పడని" అని పెట్టాను. మామయ్య మళ్లీ చదివారు. ఈసారి ఆ మాట దగ్గర ఆగలేదు, "యుతి సంగతి కూడా ఒక వాక్యం రాయమ్మా" అన్నారు. రాస్తున్నాను.