లంబసింగి చలిలో టెంటు నేల మీద ఐదుగురికి హాయిగా పడక ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న: సీతమ్మధార నుంచి

అందరికీ నమస్కారం. డిసెంబరు నెలాఖరులో పిల్లల సెలవులకు కుటుంబమంతా లంబసింగి వెళ్లి, టెంట్లు వేసుకోవడానికి చోటు ఇచ్చే ఒక తోటలో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. నేను, మావారు, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు, వెరసి ఐదుగురం. మా టెంటు ఆరుగురికి సరిపోయేది. లోపలి నేల 10 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఉంటుంది.

పోయిన శీతాకాలం అరకులో ఇదే టెంటులో జంపఖానా పరిచి, దాని మీద దుప్పట్లు వేసుకుని, పైన మందపాటి రగ్గులు కప్పుకుని పడుకున్నాము. అయినా అర్ధరాత్రి దాటాక వీపు కింద నుంచి చలి ఎక్కి పిల్లలిద్దరూ లేచి కూర్చున్నారు. వాన చుక్క పడకపోయినా తెల్లవారేసరికి జంపఖానా అడుగు తడిసి ఉంది. గాలి పరుపు కొంటే సమస్య తీరుతుందని కొందరు అంటున్నారు. ఇంట్లో ఉన్న బొంతలు చాలునని అత్తగారి అభిప్రాయం. కారులో ఐదుగురం కూర్చోగా సామానుకు మిగిలేది డిక్కీ ఒక్కటే కాబట్టి, ఏది తీసుకువెళ్లడం మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: గాజువాక నుంచి

నమస్కారమండీ. మెత్తదనం, వెచ్చదనం రెండూ ఒకటే అనుకుని సామాను కొనడం వల్లనే చాలా కుటుంబాలకు టెంటులో నిద్ర పట్టడం లేదు. ఈ రెండింటినీ విడివిడిగా చూసుకోవాలి.

రగ్గు గానీ బొంత గానీ మనల్ని వెచ్చగా ఉంచేది తన పోగుల మధ్య పట్టి ఉంచిన గాలి వల్ల. పైన కప్పుకున్న రగ్గులో ఆ గాలి అలాగే నిలిచి ఉంటుంది కాని, ఒంటి కింద పరిచిన దుప్పటి మన బరువుకు అణిగిపోయి అందులోని గాలి బయటికి పోతుంది. అప్పుడు నడుము, భుజాలు, మడమలు దాదాపు నేలకే ఆనినట్లయి, రాత్రంతా ఒంటి వేడిని నేల లాగేసుకుంటుంది. అందుకే పైన ఎన్ని కప్పుకున్నా కింది చలి ఆగలేదు. జంపఖానా తడవడానికి కూడా మూలం ఇదే. ఐదుగురి ఊపిరిలోని ఆవిరి, ఒంటి చెమ్మ నూలు గుండా కిందికి దిగి, చల్లబడిన టెంటు అడుగును తాకగానే నీరవుతాయి. కాబట్టి బరువు పడినా అణగని, నీటిని పీల్చని పొర ఒకటి నేలకూ బొంతకూ మధ్య తప్పనిసరిగా ఉండాలి.

ఆ పని చేసేది మూసుకుపోయిన చిన్న చిన్న గాలి గదులున్న ఫోమ్. పిల్లల ఆటగదుల్లో పరిచే, ఒకదానిలో ఒకటి ఇమిడే ఈవీఏ పజిల్ మ్యాట్లు మీకు అందుబాటులో ఉన్న వాటిలో మంచివని నా అభిప్రాయం. ఒక్కో పలక 2 అడుగుల చదరం, 12 మిల్లీమీటర్ల మందం ఉండే రకం తీసుకోండి. మీ టెంటులో 20 పలకలు కలిపితే 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు నిండి, గుమ్మం పక్కన చెప్పులకూ సంచులకూ ఒక అడుగు మిగులుతుంది. ఇరవై పలకలనూ ఒకదానిపై ఒకటి పేర్చినా ఎత్తు 24 సెంటీమీటర్లే, అంటే జానెడు పైచిలుకు, కనుక డిక్కీలో అడుగున పెట్టి మిగతా సామాను వాటి మీద సర్దుకోవచ్చు. కొనే ముందు చిన్న ముక్కను నీటిలో ముంచి గట్టిగా పిండి చూడండి. నీరు కారితే అది పరుపుల్లో వాడే స్పాంజి రకం. ఇంట్లో మెత్తగా ఉన్నా టెంటులో అది చెమ్మను పీల్చి ఉదయానికి బరువెక్కుతుంది.

క్యాంపింగ్ పరుపుల మీద ఆర్-విలువ అని ఒక అంకె రాసి ఉంటుంది. చలిని ఎంత అడ్డుకోగలదో చెప్పే కొలత అది. సెంటీమీటరు మందం ఉన్న ఇలాంటి ఫోమ్‌కు 1 నుంచి 1.5 వరకు ఉంటుంది, లోపల ఏ పొరా లేని మామూలు గాలి పరుపుకు సాధారణంగా 1 దాటదు. ఒకదానిపై ఒకటి వేస్తే ఈ విలువలు కూడుకుంటాయి. లంబసింగిలో డిసెంబరు రాత్రులు ఒంటి అంకె డిగ్రీలకు పడిపోతాయి కాబట్టి 3కు తగ్గకుండా చూసుకోవడం మంచిది. అంటే పలకల మీద మరొక ఫోమ్ చాప, ఆపైన బొంత ఉండాలి. మీ అత్తగారు చెప్పిన బొంతలు తప్పక తీసుకెళ్లండి, వాటికి అడుగున ఆధారం ఉంటే అవి ఎంతో హాయి. వెండి రంగు పూత ఉన్న షీట్లను చూసి మాత్రం మోసపోకండి. వేడిని తిప్పికొట్టడానికి ఆ పూత ముందు గాలి ఖాళీ ఉండాలి, ఒంటికి ఆనుకుని ఉంటే చలిని ఆపేది దాని వెనుకనున్న ఫోమ్ మాత్రమే.

ఇక టెంటు అడుగున, బయట, ఒక టార్పాలిన్ బరకం వేయండి. అది టెంటు నేల కంటె అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు చిన్నదిగా ఉండేటట్లు అంచులను లోపలికి మడవాలి. బయటికి కనిపించేలా వదిలితే గోడల మీద నుంచి జారే మంచు నీరంతా బరకం మీద చేరి, నేరుగా మీ పడక కిందికే వస్తుంది.

జవాబు: మధురవాడ నుంచి

గాజువాక వారు చెప్పినదంతా సరైనదే గాని, పెద్దవాళ్ల సంగతిలో ఒక మాట చేర్చాలి. వెల్లకిలా పడుకునే పిల్లలకు ఫోమ్ పలక, బొంత సరిపోతాయి. పక్కకు తిరిగి పడుకునే వారికి తుంటి ఎముక, భుజం ఒత్తుకుని గంట గంటకూ మెలకువ వస్తుంది. అలాంటి వారికి గాలి పరుపు నిజంగా మేలు చేస్తుంది, కాని దాన్ని ఎప్పుడూ ఫోమ్ మీదే వేయాలి. దాని లోపల ఉన్నది ఖాళీ గది వంటిది కాబట్టి గాలి అందులో తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. టెంటు నేల మీద ఒంటరిగా వేస్తే మీ జంపఖానా కంటె చల్లగా అనిపించినా ఆశ్చర్యం లేదు.

సాయంత్రం 25 డిగ్రీల దగ్గర నింపిన గాలి తెల్లవారుజామున 5 డిగ్రీలకు చల్లబడితే దాదాపు 7 శాతం కుంచించుకుపోతుంది. పరుపుకు చిల్లు పడిందని చాలామంది కంగారు పడేది ఇక్కడే. పడుకోబోయే ముందు మళ్లీ కొంచెం గాలి పట్టిస్తే చాలు. నోటితో మాత్రం ఊదకండి, ఊపిరిలోని తేమ లోపల నిలిచి బూజు పడుతుంది. ఇద్దరికి కలిపి ఒకే వెడల్పాటి పరుపు కొనడం కూడా నాకు నచ్చదు. ఒకరు కదిలితే రెండోవారు లేస్తారు, తేలికగా ఉన్న పిల్లలు బరువైన పెద్దల వైపు జారిపోతారు. డబ్బు పెట్టగలిగితే లోపల ఫోమ్ ఉండి, మూత తిప్పగానే చాలావరకు తనంతట తానే ఉబ్బే పరుపులు మీ ఇద్దరికీ చెరొకటి తీసుకోండి.

జవాబు: పాడేరు నుంచి

మా ప్రాంతానికి వస్తున్నందుకు సంతోషం. పడక సంగతి టెంటు వేసే చోటు దగ్గరే సగం తేలిపోతుంది. చల్లగాలి బరువుగా ఉండి రాత్రి పూట వాలు వెంట దిగి పల్లంలో చేరుతుంది. పొగమంచు అందంగా కనిపిస్తుందని లోయ అడుగున దిగకుండా, కాస్త మెరక మీద చదునుగా ఉన్న చోటు చూసుకోండి. పూర్తిగా చదునైన నేల దొరకకపోతే తల మెరక వైపు, కాళ్లు పల్లం వైపు ఉండేటట్లు టెంటును తిప్పండి. అడ్డంగా వాలు ఉంటే ఎంత మంచి పరుపు వేసినా రాత్రంతా అందరూ ఒకే పక్కకు దొర్లుతూ ఉంటారు. బరకం పరిచాక టెంటు నిలపకముందే దాని మీద ఒకసారి పడుకుని, అరచేత్తో అంతటా తడిమి చూడండి. కాఫీ తోటల్లో నేల మెత్తగా కనిపించినా రాలిన ఆకుల కింద నరికిన కొమ్మల మొదళ్లు పొడుచుకుని ఉంటాయి, చూపుకు అందనివి చేతికి అందుతాయి.

టెంటు కింద ఎండుగడ్డి పరిచి ఇస్తామని అక్కడివారు ఆప్యాయంగా అడగవచ్చు. కొత్త వరిగడ్డి బెత్తెడు మందం పరిస్తే మెత్తగా, వెచ్చగా ఉంటుందన్న మాట నిజమే. అయితే పొదల పక్కన నేల మీద పడి ఉన్న పాత గడ్డిని మాత్రం వద్దని చెప్పండి. స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని తెచ్చే నల్లి వంటి అతిచిన్న పురుగులు పొదల్లోనూ గడ్డిలోనూ ఉంటాయి, కుట్టిన చోట నల్లటి పుండు కట్టడం దాని గుర్తు. చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఆ ముప్పు మనకెందుకు? పక్కబట్టలను బయట గడ్డి మీద ఆరవేయకుండా తాడు కట్టి ఆరవేయండి. చలి ఎంత ఉన్నా నిప్పుల కుంపటిని మాత్రం టెంటులోకి తీసుకురాకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ప్రశ్న అడిగినవారు: సీతమ్మధార నుంచి

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. పజిల్ మ్యాట్ల మీద బొంతలు, మా ఇద్దరికీ తనంతట తానే ఉబ్బే పరుపులు అన్నచోటికి వచ్చాము. మిగిలింది అత్తగారి విషయం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నేల మీద పడుకోగలరు కాని, రాత్రి లేవాలంటే ఇద్దరం పట్టుకోవలసి వస్తోంది. మడత మంచం వేస్తే టెంటు అడుగు చిరుగుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: గాజువాక నుంచి

మడత మంచమే వేయండి, సందేహం అక్కరలేదు. కాళ్లు గొట్టాల్లా సూటిగా దిగే రకం కాకుండా, అడుగున అడ్డకడ్డీ నేలకు ఆనే రకం ఎంచుకుంటే బరువు ఒక్కచోట పడదు. ఉన్నది మొదటి రకమే అయితే ప్రతి కాలి కింద అరచేయంత ప్లైవుడ్ ముక్క, దాని అడుగున పాత రబ్బరు చాప ముక్క పెట్టండి. అసలు జాగ్రత్త వేరొకటి ఉంది. మంచం కింద చల్లగాలి ఆడుతుంది, పైగా గుడ్డ బిగుతుగా ఉండి ఆవిడ వీపుకు ఆనుకుంటుంది కాబట్టి, మంచం మీద ఏమీ పరచకపోతే నేల మీదకంటె ఎక్కువ చలి వేస్తుంది. నేల మీద వేసినట్లే మంచం మీద కూడా ముందు ఫోమ్, తర్వాత మందపాటి బొంత వేయాలి. ఆవిడకు బూరుగుదూది బొంత దొరికితే ఇంకా మంచిది, ఆ దూదికి మైనం వంటి పూత సహజంగా ఉండి చెమ్మను అంత తొందరగా పట్టదు.

మంచాన్ని గుమ్మం వైపు, 10 అడుగుల పొడవు వెంబడి వేస్తే రెండున్నర అడుగుల వెడల్పు పోతుంది. మిగిలిన ఆరున్నర అడుగుల్లో మీరు నలుగురూ కాళ్లు మంచం వైపు పెట్టి వరసగా పడుకోవచ్చు, మనిషికి రెండున్నర అడుగుల చోటు వస్తుంది. గోడకు తలలు తగలకుండా చూసుకోండి, ఆ గోడ లోపలి వైపు తెల్లవారుజామున నీరు పడుతుంది. ఇప్పుడు మీ 20 పలకల్లో నేలకు 15, మంచం మీదికి 3 సరిపోతాయి. మిగిలిన రెండింటినీ మంచం పక్కన, ఆవిడ కాళ్లు కిందికి దించే చోట వేయండి. పలకలు కోయవలసి వస్తే మంచాన్ని ముందు ఇంట్లో విప్పి, కాళ్ల మధ్య దూరం కొలిచిన తర్వాతే కోయండి.