గాల్చియా, గాచియా? వంపుకర్ర దగ్గర చిక్కుకున్నాను

రంపపుపొట్టు:
కుర్చీ వీపుకి వంపు తిరిగిన బద్ద కావాలి. ఆదివారం హీట్ గన్ పట్టుకుని కూచున్నాను. అరగంటకి పైపొర బొగ్గులా నల్లబడింది, లోపల మాత్రం మెత్తబడలేదు. మోకాలికి ఆనించి వంచబోతే బయటి పక్క ఫట్‌మని చిట్లి, పీచు లేచి నా వైపే చూసింది. అప్పుడు గుర్తొచ్చాడు వేమన: ‘వంపుకర్ర గాల్చి వంపు తీర్చగవచ్చు’. కాల్చాను కదా స్వామీ, ఏదీ మరి?
మా అమ్మమ్మ మాత్రం ‘గాచి’ అనేది. పుస్తకంలో ‘గాల్చి’. ఏది సరి? బద్ద వంచే దారి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పుణ్యముంటుంది.

గణవిభజన:
ఛందస్సుని అడిగితే చేతులెత్తేస్తుంది. ఆటవెలది మొదటి పాదం: వంపు, కర్ర, గాల్చి, మూడూ హగణాలే, అంటే గురువు, లఘువు. ‘గాచి’ అన్నా గురువు, లఘువే. యతి ‘వం’కీ ‘వం’కీ, ఈ మాటతో దానికి పని లేదు. ప్రాస నియమం అసలే లేదు. ఒక్కటి మాత్రం ఖాయం: ‘వంపుకర్రను గాల్చి’ అని ‘ను’ తగిలించి చదివేవాళ్ళున్నారు, ఆ ‘ను’తో పాదం విరుగుతుంది. మీ బద్దలాగే.

మూలమట్టం:
ఛందస్సు చెప్పకపోతే క్రియ చెబుతుంది. కాలు–కాల్చు, కాగు–కాచు. నీళ్ళు కాగుతాయి, కాబట్టి కాస్తాం. ఇటుక కాలుతుంది, కాబట్టి కాలుస్తాం. కర్ర కాగింది అని ఎవరైనా అంటారా? ‘గాల్చి’యే. వివాదం లేదు.

రంపపుపొట్టు:
పెనం కాగింది అంటాం కదండీ! పెనం ద్రవమా?

మూలమట్టం:
పెనం వేరు.

ఉలిపిడి:
మాస్టారూ, పెనం ఎందుకు వేరో చెప్పకుండా వెళ్ళిపోకండి. నేను వ్యాకరణం చదువుకోలేదు, కర్రలు వంచుతాను. ‘కర్ర కాలింది’ అంటే నాకు అర్థమయ్యేది ఒకటే: ఇక అది పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. వంచాలంటే కాలకూడదు, కాగాలి. కర్రలో పీచుల్ని అతికి పట్టుకునే లిగ్నిన్ వేడికీ తేమకీ కలిపి మెత్తబడుతుంది. చల్లారితే కొత్త వంపులోనే బిగుస్తుంది. ఉత్త పొడి వేడి పెడితే పైన మాడుతుంది, లోపల మొండిగానే ఉంటుంది. రంపపుపొట్టు గారికి జరిగింది అదే.
ఆవిరి పెట్టండి. ప్లైవుడ్‌తో పొడుగాటి పెట్టె, ఒక చివర ఆవిరి గొట్టం, నీళ్ళు కారడానికి కింద బెజ్జం. గాలి పోకుండా మాత్రం మూసెయ్యకండి, ఒత్తిడి పెరిగితే ప్రమాదం. అంగుళం మందానికి గంట అన్నది వాడుక లెక్క. ముడి లేనిది, చారలు చివరిదాకా నిటారుగా సాగినది ఎంచుకోండి. బట్టీలో ఆరబెట్టిన చెక్క మాటవినదు, పచ్చిదనం కొంత మిగిలినదే మేలు. పెట్టెలోంచి తీశాక అర నిమిషం కూడా చేతిలో ఉండదు, అచ్చూ క్లాంపులూ ముందే సిద్ధం చేసుకోవాలి. చేతికి మందపాటి గ్లవుజులు.
అసలు కిటుకు ఇది. ఆవిరి పట్టిన కర్ర లోపలి పక్క పాతిక శాతం దాకా నొక్కుకుంటుంది గానీ బయటి పక్క ఒకటి రెండు శాతం కూడా సాగదు. అందుకే చిట్లేది ఎప్పుడూ బయటే. బయటి పక్కన పలచని స్టీలు పట్టీ వేసి, రెండు చివరలా ఆపులు బిగించి, పట్టీతో సహా వంచండి. కొద్ది రోజులు అలాగే ఉంచండి. విప్పాక కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి కావలసినదానికన్నా ఒక పిసరు ఎక్కువే వంచాలి.
కాబట్టి నా ఓటు మీ అమ్మమ్మకే.

నాలుగోపాదం:
ఉలిపిడి గారూ, ఆవిరి పెట్టె బాగుంది, కానీ వేమనది పచ్చికర్ర అనుకోండి. దాని నీరు దానిలోనే ఉంటుంది, మంట మీద తిప్పితే లోపలే ఆవిరవుతుంది. అలా చూస్తే ‘గాల్చి’కి దోషమేముంది? పైగా కాల్చడం అంటే బూడిద చేయడమేనా? కుండ కాలుస్తాం, బూడిదవుతుందా?
నాకు అసలు రుచించేది మూడో పాదం: ‘కఠినచిత్తు మనసు కరగింపగారాదు’. కర్ర వేడికి లొంగింది, రెండో పాదంలో కొండ దెబ్బకి పిండయింది, మనసు రెండింటికీ లొంగలేదు. ‘కరగింప’ అన్న మాట వాడాలంటే ముందు వేడి రావాలి, అందుకే కర్రతో మొదలెట్టాడు. మూడు పాదాల్లో ఇంత పనితనం ఇంకెవరు చూపించారు?

ఉలిపిడి:
కరిగేదాన్ని కాస్తామండీ, కాల్చం. నెయ్యి అడగండి.

పాలీపిచ్చి:
బౌద్ధుల పాలీ గ్రంథం ధమ్మపదంలో ‘ఉసుకారా నమయంతి తేజనం, దారుం నమయంతి తచ్ఛకా’ అని ఉంది. అమ్ము చేసేవాడు దాన్ని నిటారు చేస్తాడు, వడ్రంగి కర్రని కావలసిన ఆకారానికి తెస్తాడు. ఇద్దరికీ ఒకటే క్రియ, నమయంతి. మన నమస్కారంలో ఉన్న ధాతువే. వంచడమూ వంపు తీయడమూ ఒకే పని అని వాళ్ళకి తెలుసు. ఆ పాదం తలుచుకున్నప్పుడల్లా...

గణవిభజన:
పాలీకి వేరే దారం తెరుద్దాం అండీ, ప్లీజ్.

మూలమట్టం:
అసలు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతకీ ఈ పద్యానికీ పడదు, ఎవరూ గమనించలేదా?

ఉలిపిడి:
సామెత నిలబడి ఉన్న మాను గురించి. పద్యం కోసిన కర్ర గురించి. కోశాక అందరూ వంగుతారు.

నాలుగోపాదం:
బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు చాలా ప్రతులు పోగేశాడు. నోటి మీద తిరిగిన పద్యానికి ఒక అక్షరం అటూ ఇటూ కావడం వింత కాదు. అమ్మమ్మగారి పాఠాన్ని కొట్టిపారేయను. కానీ మార్చను కూడా.

రంపపుపొట్టు:
నిన్న ప్లైవుడ్ పెట్టె చేసి, కెటిల్ గొట్టం తగిలించి, ముప్పావు అంగుళం బద్దకి ముప్పావుగంట ఆవిరి పెట్టాను. పట్టీ వేసి వంచితే చప్పుడు లేకుండా వంగింది. తీసిన చేతికి వేడి తగులుతుంటే నోటికి వచ్చిన మాట ‘కాగింది’. ఇది సాక్ష్యం కాదని తెలుసు.

గణవిభజన:
సాక్ష్యం కాదు. పోతే అందరూ వదిలేసిన సంగతి ఒకటి. ‘కర్ర’ జడం, అంటే ప్రాణం లేనిది, కాబట్టి ద్వితీయ (‘కర్రను’) చోట ప్రథమ (‘కర్ర’) వచ్చి, దాని మీది ‘క’ గసడదవాదేశంతో (క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు కావడం) ‘గ’ అయింది, అందుకే ‘గాల్చి’. సరే. అదే పాదంలో ‘వంపు’ కూడా జడమేగా? మరి ‘వంపు దీర్చగ’ కావాలి కదా, ‘తీర్చగ’ అని ఎలా వదిలేశాం?

మూలమట్టం:
బహుళం అన్నారు, అంటే ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు.

గణవిభజన:
మీకు ఇబ్బందైనప్పుడల్లా బహుళమే!