ఫైబర్ బోటు అడుగున ఫోమ్ నింపితే మోత తగ్గుతుందా?

కెరటం:
మాది ఆరు మీటర్ల ఫైబర్ బోటు, వెనక అవుట్‌బోర్డ్ ఇంజిన్. కాస్త స్పీడందుకుంటే చాలు, అడుగు నుంచి వచ్చే మోతకి పక్కన కూర్చున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. లంగరు వేసి రాత్రి పడుకుంటే ఇంకో బాధ. చిన్న అల తగిలినా ముందు భాగంలో టప్ టప్ మంటూ నిద్ర పట్టనివ్వదు. ఫ్లోర్‌కీ హల్‌కీ (నీటిని తాకే బయటి డొప్పకీ) మధ్య చాలా ఖాళీ ఉంది. రెండు ద్రవాలు కలిపి పోస్తే పొంగుతుందే, ఆ పియు (పాలీయూరిథేన్) ఫోమ్‌తో ఖాళీ అంతా నింపేద్దామని ఉంది. చేయొచ్చా?

చుక్కాని:
నిరభ్యంతరంగా చేయండి. నా బోటులో నింపాను, తేడా మొదటి రోజే తెలిసింది. పలుచని ఫైబర్ పలకకి వెనక ఆసరా లేకపోతే అల కొట్టిన ప్రతిసారీ డప్పులా మోగుతుంది. ఫోమ్ దాన్ని వెనక నుంచి పట్టుకుంటే ఆ అదురు ఉండదు. పైగా బోటుకి రక్షణ. మామూలు పోత ఫోమ్ క్యూబిక్ మీటరుకి 32 కిలోల బరువుంటుంది, మంచినీటిలో దాదాపు 960 కిలోలను తేల్చి ఉంచుతుంది. అమెరికా బోట్ల కంపెనీ బోస్టన్ వేలర్ వాళ్లు 1958 నుంచి ఫోమ్ నింపిన బోట్లే చేస్తున్నారు. ఆ కంపెనీ పెట్టిన ఫిషర్ 1961లో నీళ్ల మీదే బోటుని రంపంతో రెండుగా కోయించి, సగం ముక్కలో కూర్చుని వెళ్లిపోయిన ఫోటోలు లైఫ్ పత్రికలో వచ్చాయి.

తెరచాప:
చుక్కాని గారూ, తేలడం గురించి నాకు పేచీ లేదు. కెరటం గారు అడిగింది మోత గురించి. అక్కడే నాకు గట్టి అభ్యంతరం ఉంది.

శబ్దాన్ని ఆపాలంటే అడ్డుగా బరువు ఉండాలి. గోడ బరువు రెట్టింపు చేస్తే దాటి వచ్చే శబ్దం తగ్గేది సుమారు 6 డెసిబెల్స్. 6 మిల్లీమీటర్ల ఫైబర్ పలక చదరపు మీటరుకి 9 కిలోల పైనే తూగుతుంది. దాని మీద పది సెంటీమీటర్ల మందాన ఫోమ్ పోసినా కొత్తగా చేరేది 3 కిలోలు. దీంతో ఏపాటి శబ్దం ఆగుతుంది?

పోనీ పీల్చుకుంటుందా అంటే అదీ లేదు. శబ్దాన్ని పీల్చుకునేది నోటితో ఊదితే గాలి లోపలికి దూరే ఫోమ్. పడవలో పోసేది క్లోజ్డ్ సెల్, అంటే ఏ గదికా గది మూసుకుపోయినది. నీరు పోకూడదనే కదా దాన్ని ఎంచుకుంటాం. నీటిని ఆపే ఆ గుణమే శబ్దాన్ని పీల్చుకోనివ్వదు.

అసలు ముప్పు ఇంకొకటి. ఇప్పుడు మీ ఫ్లోర్‌కీ హల్‌కీ మధ్య గాలి ఉంది. అదురు ఎంతోకొంత అక్కడ తెగుతోంది. ఆ సందులో గట్టిపడే ఫోమ్ పోస్తే రెండింటినీ అతికించేసినట్టే, హల్ అదురు నేరుగా మీ కాళ్ల కిందికి వస్తుంది. తేలికగా, బిగుతుగా ఉన్న పలక శబ్దాన్ని ఇంకా బాగా బయటికి వదులుతుంది కూడా. చుక్కాని గారు విన్న తేడా నిజమే అయి ఉంటుంది. బొంగురు మోత పోయి, స్వరం మారి ఉంటుంది. స్వరం మారడం వేరు, శబ్దం తగ్గడం వేరు.

వేలర్ సంగతి కూడా ఇక్కడికి అతకదు. లోపలి పొర, బయటి పొర రెండూ అచ్చుల్లో బిగించి ఉండగానే మధ్యలో ఫోమ్ నింపుతారు. పూర్తయిన బోటుకి ఫ్లోర్‌లో రంధ్రం చేసి పోయడం అలాంటిది కాదు.

లంగరు:
నేను కొన్న పాత బోటులో అంతకుముందు ఓనర్ ఇదే పని చేసి ఉంచాడు. ఎంత తేలిక చేసినా ముక్కు పైకి లేవడం లేదని ఫ్లోర్ కోసి చూశాం. పైన రెండు వేళ్ల మందం పొడిగా, లేత పసుపు రంగులో కొత్త దానిలా ఉంది. రంపం దిగేకొద్దీ రంగు ముదిరింది. హల్‌ని ఆనుకుని ఉన్న ముక్కని పిడికిట్లో నొక్కితే నీళ్లు మోచేతి దాకా కారాయి. స్ట్రింగర్ల (హల్ బలానికి అడుగున పొడవునా వేసే దూలాల) లోపలి ప్లైవుడ్‌లోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. స్ట్రింగర్ల అడుగున నీళ్లు పోవడానికి వదిలే కంతలుంటాయి కదా, అవన్నీ ఫోమ్‌తో మూసుకుపోయాయి. ఎక్కడి నీళ్లు అక్కడే నిలిచాయి. ఆ తడి ఫోమ్‌ని ఉలితో, చేతులతో గీకి తీయడం ఎంత నరకమో తీసినవాళ్లకే తెలుసు. వద్దు అన్నా, దయచేసి ఆ పని చేయకండి.

చుక్కాని:
లంగరు అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ తప్పు పోసినవాడిది, ఫోమ్‌ది కాదు. పోసేముందు బిల్జ్ (బోటు అడుగున నీళ్లు చేరే చోటు) పొడవునా పైపు వేసి నీళ్ల దారి ఉంచాలి. స్ట్రింగర్లలో తడి ఉందేమో ముందే చూసుకోవాలి. ఒకేసారి గుమ్మరించకుండా పొరలు పొరలుగా, ఒకటి చల్లారాక ఇంకొకటి పోయాలి. కిటికీల సందులకి కొట్టే డబ్బా ఫోమ్ మాత్రం వాడకూడదు. అది గాలిలోని తేమతో గట్టిపడే సరుకు. మూసిన చోట లోపల జిగురుగానే ఉండిపోవచ్చు.

వేకువ:
పోసేవాళ్లకి ఒక్క మాట. ఆ ద్రవాల్లో ఒకటి ఐసోసైనేట్. ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం, ఒకసారి అలర్జీ పట్టుకుంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. తగిన మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. ఎక్కువ పోస్తే లోపల వేడి పుట్టి ఫోమ్ మాడిపోతుంది, పొంగే ఒత్తిడికి ఫ్లోర్ కూడా ఉబ్బుతుంది. అంటుకుంటే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. పెట్రోలు ట్యాంకు చుట్టూ నింపే ఆలోచన అసలు పెట్టుకోకండి. అల్యూమినియం ట్యాంకైతే తడి పట్టుకుని బయటికి కనపడకుండా చిల్లులు పడుతుంది.

కెరటం:
ఇన్ని సంగతులు ఉన్నాయని తెలియదు. మరి నేను ఎక్కడ మొదలుపెట్టాలి? రాత్రి టప్ టప్ ఒక్కటి తగ్గినా చాలు.

తెరచాప:
ముందు ఏ శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి. గట్టుకి కట్టేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ రేజ్ చేయండి. అప్పుడూ మోత వస్తే అది ఇంజిన్‌ది, హల్‌కి ఏం చేసినా పోదు. ఇంజిన్ కవరు లోపలి లైనింగు, బిగింపులు చూడాలి.

టప్ టప్ కోసం బోటు ముందు అరలోకి దూరి, హల్ లోపలి వైపు వేళ్ల కణుపులతో తట్టుకుంటూ పోండి. ఒకచోట గట్టిగా, ఒకచోట బోలుగా వినిపిస్తుంది. బోలుగా ఉన్నచోట ఇసుక మూటలు ఆనించి కట్టి, ఆ రాత్రి లంగరు వేసి పడుకోండి. తేడా తెలిస్తే అక్కడ కావలసింది బరువు, అదురుని మింగే పొర. జిగురుతో అతుక్కునే డ్యాంపింగ్ షీటు, దాని మీద పలుచని గట్టి రేకు వేస్తే పలక వంగినప్పుడల్లా మధ్య పొర నలిగి, అదురు వేడిగా మారిపోతుంది. అంతకన్నా కావాలంటే చదరపు మీటరుకి 5 కిలోలుండే బరువైన వినైల్ షీటు వేసుకోవచ్చు. ఇవన్నీ నచ్చకపోతే ఊడదీసుకోవచ్చు, వెనక ఉన్న వైరింగూ వాల్వులూ చేతికి అందుతాయి.

చుక్కాని:
షీట్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ ముక్కు కొసన చెయ్యి కూడా దూరని మూల ఉంటుంది, అల మొదట కొట్టేది అక్కడే. అక్కడ షీటు ఎలా అతికిస్తారు? ఆ కాస్త మేరకి ఫోమే దారి.

తెరచాప:
ఆ మూల వరకైతే సరే. వైర్లు లేవు, ట్యాంకు లేదు, ఫ్లోర్‌తో సంబంధం లేదు. అయితే పోసే ముందు అడుగున నీళ్లు దిగే దారిలో పైపు పెట్టి, దాని కొస బిల్జ్‌లోకి తెరిచి ఉంచండి. ఆ పైపు లేకపోతే అక్కడ కూడా నేను వద్దనే అంటాను.