అగ్నివీర్ వాయు: ఎంపీసీ వాళ్లకు సైన్స్ ఒక్కటే చాలా, రెండూ రాయాలా?

తిరుపతి_బైరాగిపట్టెడ: ఎయిర్‌ఫోర్స్‌లో చేరే అగ్నివీర్ వాయు పరీక్షకు మన పక్క ఎంపీసీ పిల్లలు కూడా ఫిజిక్స్ తప్పించుకోవచ్చని దరఖాస్తులో ‘అదర్ దేన్ సైన్స్’ (ఫిజిక్స్, మ్యాథ్స్ లేని వర్గం) ఒక్కటే పెడుతున్నారు. ఇది తెలివైన పనేనా?

మదనపల్లె_ఎంపీసీ: కాదన్నా. అందులో 45 నిమిషాలకు 50 ప్రశ్నలు: ఇంగ్లిష్ 20, రీజనింగ్–జీకే 30. అక్కడికి బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లంతా వస్తారు. మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినోడు ఆ బలాన్ని ఇంట్లో పెట్టి పోటీకి పోవడమేంది? సైన్స్‌లో 60 నిమిషాలకు 70: ఇంగ్లిష్ 20, ఫిజిక్స్ 25, మ్యాథ్స్ 25.

పలమనేరు_రన్నర్: రెండూ కలిపి రాసే ఆప్షన్ ఉంది కదప్పా! 85 నిమిషాలు, 100 ప్రశ్నలు. ఇంగ్లిష్ ఒక్కసారే. అంటే అదనంగా 25 నిమిషాలు, 30 ప్రశ్నలు, అంతే.

మదనపల్లె_ఎంపీసీ: ‘అంతే’ అంటే ఎట్లా? ఆ 30కి ప్రిపరేషన్ ఎవరు చేస్తారు?

పలమనేరు_రన్నర్: సగం లెక్కలే. 150 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో స్తంభాన్ని దాటడానికి ఎంత సేపు? 54ను 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు, జవాబు 10 సెకన్లు. ఎంపీసీ వాడికి ఇది నోటి లెక్క. నిజంగా కొత్తగా చదవాల్సింది జీకే.

చిత్తూరు_గ్రీమ్స్‌పేట: మీరిద్దరూ అసలు గండాన్ని వదిలేశారు. ప్రతి సబ్జెక్టులోనూ విడిగా అర్హత రావాలి. ఫిజిక్స్‌లో ఎన్ని తెచ్చినా ఇంగ్లిష్ పోతే మొత్తం పోయినట్టే, అది ఏ వర్గమైనా సరే. వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్, ప్రిపొజిషన్లు రోజూ చేయకుండా ఈ వాదన దండగ.

ఇంకోటి, ఈఏపీసెట్ అలవాటు. అక్కడ నెగటివ్ లేదు కాబట్టి చివర్లో అన్నీ నింపేస్తారు. ఇక్కడ తప్పుకు పావు మార్కు కోత.

పలమనేరు_రన్నర్: అయినా గుడ్డిగా పెట్టినా సగటున నష్టం రాదన్నా. నాలుగింటిలో ఒకటి తగిలితే ఒక మార్కు, మూడు తప్పులకు ముప్పావు పోతుంది.

చిత్తూరు_గ్రీమ్స్‌పేట: సగటు మాట వేల ప్రశ్నలకు. 25 ప్రశ్నల్లో అదృష్టం ఎటైనా తిరుగుతుంది. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితేనే పెట్టండి.

తిరుపతి_బైరాగిపట్టెడ: సరే, ఫిజికల్ టెస్ట్ పరుగులో ఈ వర్గాల మధ్య తేడా ఉందా?

పలమనేరు_రన్నర్: లేదు. అబ్బాయిలకు 1.6 కి.మీ. 7 నిమిషాల్లో. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 105 సెకన్లు. మొదటి రౌండే 80కి లాగేసి మూడోదానికి కూలబడతారు. యూనివర్సిటీ గ్రౌండ్‌కు పోయేవాళ్లు స్టాప్‌వాచ్ పెట్టుకొని రౌండు రౌండుకూ చూసుకోండి.