దోస్త్‌లో ఆప్షన్ల వరుస గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

నమస్కారం. నేను నల్గొండలో డిగ్రీ లెక్చరర్‌ని. దోస్త్, అంటే తెలంగాణలో డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు మొదలైతే చాలామంది పిల్లలకు వెబ్ ఆప్షన్లు పెట్టించేది మేమే. ఏ గ్రూపు కావాలమ్మా అంటే "మా ఫ్రెండ్ పెట్టిందే పెట్టండి సార్" అంటారు. మొన్న దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయికి జువాలజీ అంటే ప్రాణం. నోట్‌బుక్ అట్ట మీద కూడా కప్ప గుండె బొమ్మ గీసుకుంది. అయినా మొదటి ఆప్షన్ బీకాం కంప్యూటర్సే పెట్టమంది! పై ఆప్షన్‌లో సీటొస్తే కిందివి చూడరని ఎంత చెప్పినా వినలేదు. మూడేళ్ల చదువు కదా, మనసుకు కష్టమనిపించింది.

ఓటీపీ ఏమో ఆధార్‌కు లింకైన నాన్న ఫోన్‌కు పోతుంది, ఆయన హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు. వెనక లైన్ పెరుగుతుంటే నిదానంగా మాట్లాడే వీలుండదు.

పాలమూరు వైపు లెక్చరర్లు, ఈ పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఆ కొద్ది నిమిషాల్లో పిల్లలను ముందుగా ఏమడుగుతున్నారు?